మా నాన్న ఊక, మా అత్తగారి పొయ్యి

ఉపన్యాసం బాగా లేదని చెప్పడానికి ఎవరైనా 'ఊకదంపుడు' అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఊకని దంచితే ఏమీ రాలదు, నిజమే. అసలు దంచమన్నదెవరు? కాల్చి చూడాలి. నేను ఊక మంట మీద వండిన అన్నం తిని పెరిగాను. తర్వాత అదే మంట మీద పటమటలో రోజూ నలభై మందికి వండి పెట్టాను. అందుకని ఈ ఒక్క విషయంలో నా ముందు ఎవరూ తేలిగ్గా మాట్లాడకూడదు. మాట్లాడితే కూర్చోబెట్టి ఈ సంగతంతా మొదటి నుంచీ చెబుతాను. ఇంట్లో పిల్లలకి ఆ భయం ఉంది.

మా నాన్న పామర్రు దగ్గర ఒక రైసు మిల్లులో బాయిలరు ఫైర్‌మేన్. ఆ మిల్లులో ధాన్యాన్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, ఉప్పుడు బియ్యం చేసేవాళ్ళు. ధాన్యం ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలరు కావాలి, బాయిలరు కింద పొద్దస్తమానం మంట ఉండాలి. ఆ మంటకి బొగ్గు కొనేవాళ్ళు కాదు, కట్టెలూ కొనేవాళ్ళు కాదు. ఆడించిన ధాన్యం నుంచి వచ్చిన పొట్టునే, అంటే ఊకనే, పారతో తీసి మంటలో చల్లేవాళ్ళు. నిన్నటి ధాన్యం పొట్టుతో ఇవాళ్టి ధాన్యం ఉడికేది. "గింజ దాని వంటచెరుకు అదే వెంట తెచ్చుకుంటదమ్మా, ఒకళ్ళని అడగదు" అనేవాడు నాన్న.

మిల్లు వెనక కాలవగట్టున మా ఇల్లు. ఇంటికీ మిల్లుకీ మధ్య ఊకగుట్ట ఉండేది, మా పెంకుటింటి కంటే ఎత్తు. గాలి మళ్ళిందంటే ఊక పెరుగులో పడేది, తలలో పడేది, ఆరేసిన చీరల మడతల్లో దూరేది. ఊక బూడిదతోనే పళ్ళు తోముకునేవాళ్ళం, గిన్నెలూ దాంతోనే తోమేవాళ్ళం. అమ్మ వంట కూడా ఊక పొయ్యి మీదే. ఒక పాత డబ్బాలో ఊక కూరి, మధ్యలో బొరియ వదిలి, అడుగున పక్కగా ఇంకో బొరియ పెట్టి అంటిస్తే, మళ్ళీ దాని మొహం చూడకుండానే వంటంతా అయిపోయేది. పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ ఏడిచే ఆడవాళ్ళని నేను పెళ్ళయ్యాకే చూశాను.

నాన్నకి రెండు విషయాల్లో గర్వం ఉండేది. ఒకటి, పరీక్షకి వెళ్ళి తెచ్చుకున్న బాయిలరు సర్టిఫికెట్టు. దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల వరసలో తగిలించాడు, అమ్మ దానికీ బొట్టు పెట్టేది. రెండోది, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు మిల్లు గొట్టం మీద పొగ కనబడేది కాదు. ఇక ఆయన సిగ్గుపడేది ఒక్కటే, గోళ్ళు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. పెళ్ళిళ్ళకి వెళితే చేతులు కండువా కింద పెట్టుకుని కూర్చునేవాడు.

డెబ్బైల మొదట్లో నన్ను పటమటకిచ్చారు. మా ఆయన బందరు రోడ్డు మీద తిరిగే బస్సులో కండక్టరు. మా అత్తయ్య ఇంటి ముందు వసారాలో మెస్సు నడిపేది. మావయ్యగారు పోయినప్పుడు మా ఆయనకి ఎనిమిదేళ్ళట. ఆ మర్నెల నుంచే ఆవిడ నలుగురికి అన్నం పెట్టడం మొదలుపెట్టి, నేను కాపరానికొచ్చేసరికి నలభై మందికి పెడుతోంది. బస్సుల వాళ్ళు, కాలేజీ పిల్లలు, ఎదురింట్లో ఒంటరిగా ఉండే రిటైరైన హెడ్మాస్టరు గారు, వీళ్ళే ఆ నలభై మంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా కొడుకుని పెంచానని ఆవిడకి గొప్ప. ఉండాల్సిన గొప్పే. కాకపోతే ఆ గొప్పతో పాటు వీధిలో పరువు అనేది ఒకటి ఆవిడ భుజానికెత్తుకుని తిరిగేది.

ఆ పరువు కోసమే ఆవిడ ఒక అబద్ధం ఆడింది. నేను వచ్చిన వారానికే హెడ్మాస్టరు గారు అన్నం తింటూ, "అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఏం చేస్తారండీ?" అని అడిగారు. అత్తయ్య చారు వడ్డిస్తూ తల ఎత్తకుండా, "పామర్రులో రైసు మిల్లులో గుమస్తాగారండీ" అంది. నేను పక్కనే ఉన్నాను, చేతిలో అప్పడాల పళ్ళెం ఉంది. గుమస్తా అంటే నీడపట్టున కూర్చుని రాసుకునేవాడు. ఫైర్‌మేన్ అంటే వొంటిమీద చొక్కా లేకుండా మసిలో నిలబడేవాడు. ఆ తేడా నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నేను నోరు మెదపలేదు. కొత్త కోడల్ని కదా అని తర్వాత్తర్వాత నాకు నేనే సర్ది చెప్పుకున్నాను కానీ, నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికి నాకూ బాగానే ఉంది.

తర్వాత రెండు నెలలకి నాన్న నన్ను చూడటానికి వచ్చాడు. చలిమిడీ అరిసెలూ ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుని, తెల్లటి చొక్కా, తెల్లటి పంచె, మీద కండువా వేసుకుని. వసారా మెట్టు ఎక్కుతుంటే హెడ్మాస్టరు గారు ఎదురొచ్చి, "రండి రండి గుమస్తాగారూ, మీ గురించి చెప్పారు" అన్నారు. నాన్న నా వైపు చూశాడు. నేను డబ్బా అందుకుని లోపలికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన అరుగు చివర కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ కండువా కింద ఉన్నాయి. అత్తయ్య భోజనానికి లేవమంటే, "బస్సుకి టైమవుతోంది చెల్లెమ్మగారూ, ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం" అని లేచాడు. మా ఆయన కండక్టరు. ఆ వేళకి పామర్రు వైపు ఏ బస్సూ లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ తర్వాత ఏడాది దాటినా నాన్న పటమట రాలేదు. నేను వెళితే పలకరించేవాడు గానీ, మునుపటిలా నవ్వేవాడు కాదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే కిరసనాయిలుకి కరువొచ్చింది. ఎక్కడో అరబ్బు దేశాల్లో నూనె రేటు పెంచారని పేపర్లో రాశారు, ఇక్కడ పటమటలో మా స్టవ్వులు ఆరిపోయాయి. రేషను షాపు ముందు క్యూలో డబ్బాలకి తాడు కట్టి వరసలో పెట్టి, మనుషులు చెట్టు కింద కూర్చునేవాళ్ళు. ఆ తాడు కట్టిన డబ్బాల వరస సందు మలుపు దాటిపోయేది. కట్టెల అడితికి వెళితే వానకి తడిసిన తుమ్మ మొద్దులు, అవీ బంగారం రేటు. ఆ కట్టెలు ఏడుస్తూ కాలేవి, అత్తయ్య వాటితో పాటు ఏడుస్తూ వండేది. పదిన్నరకి వడ్డించాల్సిన అన్నం పన్నెండున్నరకి దిగేది. డ్యూటీ ఎక్కాల్సిన డ్రైవర్లు తినకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నెల రోజుల్లో నలభై మందీ ఇరవై ఎనిమిది మంది అయ్యారు.

ఒకరోజు సాయంత్రం అత్తయ్య ఖాళీ స్టవ్వుని పక్కకి తోసి, "ఇంకో వారం చూస్తా. ఆ తర్వాత బోర్డు తీసేస్తా" అంది. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. మెస్సు మూసేస్తే మేం పస్తులుంటామని కాదు, మా ఆయన జీతం ఉంది. కానీ అది మూసేస్తే ఆవిడ ఏమవుతుంది? పదిహేనేళ్ళు ఆ పొయ్యి దగ్గరే నిలబడి తన బతుకు తను బతికిన మనిషి. అది నాకు అర్థమైంది. అర్థమై, "ఊక మీద వండుదామండీ అత్తయ్యా" అన్నాను.

"ఊకా? మెస్సులోనా? వీధిలో వాళ్ళు ఏమనుకుంటారే?"

"ఏమనుకుంటారు, వేడివేడి అన్నం అనుకుంటారు. ఊక గురించి నాకొదిలెయ్యండి. నేను దాంట్లో పుట్టి పెరిగాను."

అంత గొప్పగా అన్నాను. మంచి ఊక కావాలంటే పామర్రు వెళ్ళాలి. నాన్నని అడగాలి. ఏ మొహంతో అడగను? గుమస్తాగారూ, నాలుగు బస్తాలు ఊక ఇప్పించండి అననా? అందుకని ఆ మాట మింగేసి, పటమటలోనే సందు చివర ఒక చిన్న మిల్లు ఉంటే, అక్కడి నుంచి మూడు బస్తాలు రిక్షాలో వేయించుకొచ్చాను. ఊక ఎక్కడైనా ఊకే కదా అనుకున్నాను. రోడ్డు పని వాళ్ళ దగ్గర పాత తారు డ్రమ్ము ఒకటి తెచ్చి, రేకు పని చేసే సాయిబుగారితో సగానికి కోయించి, రెండు పెద్ద పొయ్యిలు చేయించాను. రోకలి మధ్యలో నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, రోకలి తీసేసి, మర్నాడు పొద్దున్న కొంగు నడుముకి చుట్టి అంటించాను.

మంట రాలేదు. పొగ వచ్చింది. మామూలు పొగ కాదు, పచ్చగా, చిక్కగా, గొంతులో కూర్చునే పొగ. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి వెళ్ళింది. కాలేజీ పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ, "ఏంటి అత్తయ్యగారూ, పొమ్మనలేక పొగబెడుతున్నారా" అన్నారు. అందరూ నవ్వారు. అన్నం పైన పలుకు, అడుగున మాడు. హెడ్మాస్టరు గారు రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు. వెళుతూ వెళుతూ, "ఆదివారం దాకా చూద్దామండీ. అప్పటికీ కుదరకపోతే మేం బస్టాండు దగ్గర హోటలు చూసుకోవాలి, తప్పదు" అన్నారు. ఆయన మర్యాదగా చెప్పారు గానీ, మిగతా ఇరవై ఏడు మంది తరఫునా చెప్పారు.

నేను పెరట్లో కూర్చుని ఏడిచాను. ఏడుపు వంట చెడినందుకు కాదు. ఊకలో పుట్టానని డబ్బా కొట్టుకుని, ఊక చేతిలోనే ఓడిపోయినందుకు. ఫైర్‌మేన్ కూతురు పొగ పెట్టింది. ఈ సంగతి పామర్రులో తెలిస్తే నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడు?

అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ వంగి, బస్తాలోంచి గుప్పెడు తీసి, అరచేతిలో రుద్ది, వాసన చూసి, ఇంత నాలిక మీద వేసుకుంది.

"ఇది ఊక కాదే అమ్మాయీ" అంది. "చిట్టు. నేను పదేళ్ళు గేదెని మేపినదాన్ని. నువ్వు పొయ్యికి గేదె మేత పెట్టావు."

చూస్తే నిజమే. ఆ చిన్న మిల్లులో ధాన్యాన్ని ఒకే దెబ్బకి నలిపేస్తారు. పొట్టూ తవుడూ కలిసిపోయి మెత్తటి పొడిలా వస్తుంది, దాన్నే చిట్టు అంటారు, పశువులకి పెడతారు. కూరితే ముద్దలా గట్టిపడి గాలి ఆడనివ్వదు. మా నాన్న మిల్లులో పొట్టు వేరుగా ఒలిచేవాళ్ళు, తవుడు దానికి అంటదు, ఒక్కొక్కటీ చిన్న పడవలా గలగలలాడుతూ వస్తుంది. నాకు పుట్టినప్పటి నుంచీ ఆ ఒక్క ఊకే తెలుసు. లోకంలో ఇంకో రకం ఉంటుందని తెలియనంత గొప్ప పరిజ్ఞానం నాది. అది కనిపెట్టింది ఊక అంటే ముక్కు చిట్లించే మా అత్తయ్య.

"మీ నాన్న మిల్లులో ఊక మంచిదా?" అని అడిగింది.

"మంచిదండీ."

"అయితే ముందే అక్కడికెందుకు వెళ్ళలేదు?"

నేను బస్తా మూతి కట్టడానికి వంగాను. ఆవిడ చేతులు దులుపుకుని, "రేపు పొద్దున బస్సుకి నేనూ వస్తాను. వియ్యంకుడి దగ్గర అడగాల్సొస్తే వియ్యపురాలే అడగాలి, అదీ మర్యాద" అంది. మా ఆయన బస్సే. ముందు సీటులో ఇద్దరం కూర్చున్నాం. దారి పొడుగునా ఆవిడ కిటికీలోంచి వరి కోతలు చూస్తూ కూర్చుంది.

మిల్లు దగ్గర దిగి నేరుగా బాయిలరు ఇంటికే వెళ్ళాం. లోపల నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని, చొక్కా లేకుండా, ఒళ్ళంతా బూడిద రంగులో పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి పార గోడకి ఆనించి చొక్కా కోసం చూశాడు. ఇంతలో ఆయన చూపు గోడమీద ఆవిరి ఎంత ఉందో చూపించే గడియారం మీద పడింది. సూది దిగుతోంది. మళ్ళీ పార తీశాడు.

"ఏమనుకోవద్దు చెల్లెమ్మగారూ. రెండు నిమిషాలు నిలబడండి, సూది పడిపోతంది. అవతల ధాన్యం ఉడకతంది."

అత్తయ్య రెండు నిమిషాలు కాదు, గంట సేపు నిలబడింది. పదిహేనేళ్ళుగా నిప్పుతో వేగుతున్న మనిషి కదా, ఆవిడకి నిప్పు భాష తెలుసు. నాన్న పార నింపి, మంట నోటి దగ్గర మణికట్టు ఒక్కసారి విసిరేవాడు. ఊక చాటలోంచి చెరిగినట్టు పల్చగా విచ్చుకుని, కింద పడేలోపే అంటుకునేది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, మధ్యలో ఒకటి. నేను చిన్నప్పుడు వెయ్యిసార్లు చూశాను, అది ఒక పనితనమని నాకు ఆ రోజు అత్తయ్య మొహం చూస్తేనే తెలిసింది. ఆవిడ బయటికెళ్ళి తలెత్తి గొట్టం వైపు చూసి వచ్చింది.

"పొగ లేదేమండీ అన్నయ్యగారూ?"

"పొగంటే కాలాల్సింది కాలకుండా పోవటమేనండీ. కుప్పగా పోస్తే పొగ, చల్లితే మంట. గొట్టం మీద పొగ కనపడిందంటే కింద ఉన్నోడికి పని రాదన్నట్టు."

"మీకెన్నేళ్ళ పట్టు ఇందులో?"

"ఇరవై రెండేళ్ళు. సర్టిఫికెట్టు ఉందండి" అన్నాడు నాన్న, పార ఆపకుండా.

ఇంకో మనిషి డ్యూటీకి వచ్చాక నాన్న బయటికొచ్చాడు. అత్తయ్య జరిగిందంతా చెప్పింది. చిట్టు సంగతి కూడా దాచలేదు. నాన్న నా వైపు తిరిగి, నవ్వు ఆపుకోలేక, "చిట్టు కూరావంటమ్మా పొయ్యిలో" అన్నాడు. ఏడాది తర్వాత నాన్న నాతో అలా నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి. నాకు అంత అవమానంలోనూ ప్రాణం లేచొచ్చింది. నాలుగు బస్తాలు తనే ఎంచి కట్టించి బస్సు టాపు మీదకి ఎక్కించాడు. "ఆదివారం మిల్లు సెలవు. నేనే వచ్చి పొయ్యి పెట్టిస్తా" అన్నాడు. అత్తయ్య రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

ఆదివారం మొదటి బస్సుకే వచ్చాడు. అదే తెల్ల చొక్కా, అదే కండువా. వచ్చీ రాగానే రెండూ తీసి దండెం మీద వేసి, పెరట్లో డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. నేను బస్తా విప్పి ఆయన ముందు పెడితే వెనక్కి తోశాడు.

"రేపు నేనుండను గదా. నువ్వే కూరు."

నాలుగు వేళ్ళ మందం పోసి చెక్కతో కొట్టమన్నాడు, మళ్ళీ పోసి మళ్ళీ కొట్టమన్నాడు. ఒకేసారి నింపి నొక్కితే పైన గట్టిగా, కింద డొల్లగా ఉంటుందట. అంచు దాకా నింపాక మధ్యలో ఉన్న రోకలి లాగాను. లాగగానే లోపల గోడ కూలి బొరియ పూడిపోయింది. "తిప్పు. తిప్పుతా పైకి తియ్యి. పసిపిల్ల చేతి కింద నుంచి చెయ్యి తీసుకున్నట్టు తియ్యాలి" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచీ కూరాను. ఈసారి రోకలి తిప్పుతూ తిప్పుతూ తీస్తే, నున్నటి బొరియ నిలబడింది. నాన్న వంగి లోపలికి చూసి, ఏమీ అనకుండా రెండో డ్రమ్ము ముందుకు జరిగాడు. మా నాన్న ఏమీ అనలేదంటే బాగుందని అర్థం.

అంటించింది అత్తయ్య. కొబ్బరి ఆకు చీలిక వెలిగించి కింది బొరియలో పెట్టింది. కాసేపు పొగ వచ్చింది. ఆవిడా నేనూ వీధి వైపు చూసుకున్నాం. నాన్న మాత్రం బీడీ తీసి చెవి వెనక పెట్టుకుని ఊరుకున్నాడు. పొగ పల్చబడింది, ఆగిపోయింది, బొరియలోంచి నీలంగా మంట పైకి లేచింది. పెద్ద గుండిగలో ఎసరు పెట్టాం. నేను బియ్యం కడిగి తెచ్చేసరికి ఎసరు మరుగుతోంది.

ఆ రోజు వంట నాకు గుర్తుంది. దోసకాయ పప్పు, గోంగూర, వంకాయ కూర, చారు, పెరుగు. రెండు పొయ్యిల మీదా ఎవరూ ఊదలేదు, ఎగదోయలేదు, కళ్ళు తుడుచుకోలేదు. అత్తయ్య మాటిమాటికీ వచ్చి పొయ్యి వైపు చూసి వెళ్ళేది, నమ్మకం లేనట్టు. పదిన్నర కాకముందే అన్నం వార్చాం. పొయ్యిలో ఇంకా మంట మిగిలి ఉంటే ఆ వేడిని ఊరికే పోనివ్వడం ఇష్టం లేక సాయంత్రానికి కందిపప్పు కూడా ఎక్కించాను.

వసారాలో ఆకులు వేశాం. మెస్సుకి రావడం మానేసినవాళ్ళు కూడా కొందరు ఆ రోజు వచ్చారు, ఈ పిల్ల మళ్ళీ పొగ పెడుతుందేమో చూద్దామని కాబోలు. మెతుకు మెతుకూ విడిగా, పొగ వాసన లేని అన్నం. మొదట్లో మాటలు వినిపించాయి, తర్వాత వినబడలేదు. తినేవాళ్ళు మాట్లాడటం మానేస్తే వండినవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? కాలేజీ పిల్లలు మూడోసారి అన్నం అడిగారు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

నాన్న పెరట్లో డ్రమ్ముల్లో బూడిద ఎంత మిగిలిందో చూసి, తృప్తిగా లేచి, దండెం మీద చొక్కా తీసుకుని వేసుకుంటున్నాడు. కండువా భుజం మీద వేసుకున్నాడు. చేతులు దాని కిందకి పోవడం నేను చూశాను. హెడ్మాస్టరు గారు పెరుగన్నం ముగించి, చెయ్యి కడుక్కోవడానికి పెరటి గుమ్మంలోకి వచ్చారు.

"బ్రహ్మాండంగా ఉందండీ గుమస్తాగారూ. మిల్లు లెక్కలే అనుకున్నాను, మీకు ఈ పొయ్యిల విద్య కూడా తెలుసా" అన్నారు.

నాన్న నవ్వినట్టు మొహం పెట్టాడు. మెట్టు మీద మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను నేను. ఏడాది కింద అప్పడాల పళ్ళెం పట్టుకుని ఎలా నిలబడ్డానో అలాగే.

"గుమస్తా కాదండీ మాస్టారూ" అన్నాను. "మా నాన్న బాయిలరు ఫైర్‌మేన్ అండీ. ఇరవై రెండేళ్ళ నుంచి ఊకతో మిల్లు నడుపుతున్నాడు."

నేను అత్తయ్య వైపు చూడటానికి భయపడ్డాను. నలుగురి ముందు ఆవిడ మాట అబద్ధమని చెప్పినట్టే కదా. ఆవిడ వంటింట్లోంచి వచ్చింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"గుమస్తా అని చెప్పింది నేనేనండీ మాస్టారూ. తప్పు నాదే. ఇవాళ మీరు తిన్న అన్నం మా అన్నయ్యగారి చేతి చలవ" అంది.

నేను ఆవిడతో తర్వాత ఇరవై ఏళ్ళు కాపరం చేశాను. తగువులాడుకున్నాం, మాటలు మానేశాం, పొయ్యి దగ్గర నువ్వా నేనా అనుకున్నాం. కానీ ఆ రోజు తర్వాత ఆవిడ మీద నాకు కోపం ఎప్పుడూ పూర్తిగా రాలేదు. కిరసనాయిలు మళ్ళీ దొరికాక కూడా మేం ఊక పొయ్యిలు తియ్యలేదు. వీధిలో ఇంకో ఐదారిళ్ళ వాళ్ళు వచ్చి కూరడం నేర్చుకుని వెళ్ళారు, వాళ్ళకి నేర్పింది అత్తయ్యే. ముందు గుప్పెడు తీసి వాసన చూడమని చెప్పేది.

ఆ మధ్యాహ్నం ఆవిడ నా చేతిలో మజ్జిగ చెంబు తీసుకుని పక్కన పెట్టి, నీళ్ళ చెంబు తీసుకుంది. నాన్న ముందుకు వెళ్ళి నిలబడి, "చేతులు పట్టండి అన్నయ్యగారూ" అంది. నాన్న కండువా కింద నుంచి రెండు చేతులూ తీసి అందరి ఎదుటా ముందుకు చాచాడు. ఆ నల్లటి గోళ్ళ మీద ఆవిడ తనే నీళ్ళు పోసింది.

వసారాలో వరసలో, హెడ్మాస్టరు గారు లేచిన చోటే ఆకు వేసి కూర్చోబెట్టాం. పప్పన్నం తిన్నాడు, గోంగూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మా ఆయన గడియారం చూసి, "మావయ్యా, రెండింటి బస్సు వెళ్ళిపోతుందేమో" అన్నాడు.

నాన్న తల ఎత్తలేదు. ఆకులో అన్నం గుంట చేసి, పెరుగు వెయ్యమని నాకు చెయ్యి చూపిస్తూ, "పోతే పోనీవయ్యా. నాలుగింటికి ఇంకోటి ఉందిగా" అన్నాడు.